సాధనమును సాధ్యమును

పాత యొక రోత, క్రొత్త యొక వింత యని సామెత. అయినను లోకమున ఈ సామెతకు విరుద్ధముగా నడచువారును పలువురు కలరు. వారికి ప్రాతది పూజ్యము, క్రొత్తది భయంకరము. క్రొత్తదగుటచేతనే యొక వస్తువును మెచ్చుకొనుట యెంత అవివేకమో, క్రొత్తదగుటచేతనే దానిని త్రోసివేయుటయు అంత అవివేకమే. ఏ వస్తువునకైనను అది చేయు పనినిబట్టి విలువ కట్టవలెను.

ఈ నీతి ఎల్లరికిని వర్తించునదే యైనను, రెండు సంస్థలకు మిక్కిలి ముఖ్యమైనది. అందొకటి క్రైస్తవ సంఘము; రెండవది వర్తకము. మొదటిది మనుష్యుల విశ్వాసముతోను, రెండవది వారి నిత్యావసరములతోను సంబంధము కలవి. ఈ రెండును జనులను చేరుటచేతనే జీవించుచున్నవి. బోధ వినువారు లేని చర్చియు, కొనువారు లేని అంగడియు ఒక్కటే. కావున జనులను చేరు మార్గము మారినపుడెల్ల ఈ రెండును తమ నడకను మార్చుకొనవలెను. సాధించవలసిన దానిని విడువరాదు. సాధనమును మాత్రము కాలమునుబట్టి మార్చుకొనవలెను. ఇందుకు చరిత్రయే సాక్షి.

పదునైదవ శతాబ్ది మధ్యభాగము వఱకు ఐరోపాలో గ్రంథములు చాలవఱకు చేతివ్రాతలే. క్రైస్తవ మఠములలో సన్న్యాసులు కలము చేతబట్టి, చర్మపత్రములపై ఒక్కొక్క అక్షరమే వ్రాయుచుండిరి. ఒక బైబిలు పూర్తియగుటకు ఏడాదికి పైగా పట్టుటయు కలదు. కావున గ్రంథము ధనికుల సొత్తయ్యెను. అట్టి కాలమున జర్మనీ దేశములోని మైంజు నగరవాసియగు యోహాన్ గుటెన్‌బర్గు విడివిడి అక్షరములను లోహముతో పోతపోసి, వానిని వరుసగా కూర్చి, సిరా పూసి, కాగితముపై నొత్తి అచ్చువేయు విధానమును సిద్ధపఱచెను. 1455 ప్రాంతమున ఆయన బైబిలును ఇంచుమించు 180 ప్రతులు ముద్రించెను. ఇందుకు కావలసిన ధనమును యోహాన్ ఫుస్టు అను ధనికుడు అప్పుగా నిచ్చెను. సంఘమునకు గ్రంథము కావలెను; ఫుస్టునకు లాభము కావలెను. ఇట్లు ధర్మమును వర్తకమును ఒక్క యంత్రముకడ కలిసికొన్నవి. పిమ్మట ఆ యిరువురికిని వ్యాజ్యము కలిగినను, అచ్చుపని మాత్రము ఆగలేదు.

ఈ క్రొత్త విద్యను అందఱును మెచ్చలేదు. స్పోన్‌హైము మఠాధిపతియగు యోహాన్ ట్రిథేమియసు 1492లో లేఖకులను ప్రశంసించుచు నొక గ్రంథము రచించెను. చర్మముపై వ్రాసినది వేయేండ్లు నిలుచుననియు, కాగితముపై అచ్చువేసినది అంతకాలము నిలువదనియు, సన్న్యాసులు వ్రాతపనిని మానరాదనియు ఆయన వాదించెను. ఆ వాదమున సత్యము లేకపోలేదు. చేతితో వ్రాయువానికి శ్రద్ధయు ఓర్పును అలవడును. వ్రాసిన వాక్యము మనస్సున నాటుకొనును. అయినను ఆ గ్రంథము లోకమునకు చేరిన దెట్లు? 1494లో అది మైంజు నగరముననే అచ్చుపడెను! అచ్చును శంకించిన గ్రంథమునకు సైతము అచ్చే తోడయ్యెను. ఇక కాగితము మాట. గుటెన్‌బర్గు కాగితముపై ముద్రించిన బైబిళ్లలో కొన్ని అయిదున్నర శతాబ్దములు గడచినను నేటికిని నిలిచియున్నవి.

యంత్రము వచ్చిన యెడల వ్రాతగాండ్ర బ్రదుకు ఏమగునని నాడే కొందఱు ప్రశ్నించి యుందురు. అది న్యాయమైన ప్రశ్న. పీటర్ షోఫరు అను నతడు మొదట పారిసు నగరమున చేతివ్రాతలో నేర్పు గడించినవాడు. అతడు తన కలమును తలచుకొని దుఃఖించుచు కూర్చుండలేదు. అక్షరముల సౌష్ఠవమును గూర్చి తాను నేర్చినదానిని అచ్చుపనిలో వినియోగించెను. ఫుస్టును అతడును కలిసి 1457లో ముద్రించిన కీర్తనల గ్రంథము, ముద్రించిన తేదియు ముద్రాపకుల పేర్లును గల తొలి గ్రంథముగా ప్రసిద్ధి కెక్కెను. ప్రాత నేర్పు క్రొత్త పనిలో వ్యర్థము కాదని ఇతని జీవితము తెలుపుచున్నది. అయితే పనివానికి ఆ అవకాశము కల్పింపవలసినది యజమానియే. యంత్రమును కొనుటకు ధనము వెచ్చించువాడు, తన కొలువులో నున్నవారికి దానిని నేర్పుటకును కొంత వెచ్చింపవలెను.

అచ్చుయంత్రము మన దేశమునకు వచ్చి, మన భాషలకు ఉపయోగపడుటలో క్రైస్తవ సంఘముల పాలు విశేషమైనది. నేటి తమిళనాడులోని తరంగంబాడి నాడు డెన్మార్కు దేశీయుల స్థావరము. అచ్చట నున్న సీగెన్‌బాల్గు అను మతబోధకునికి 1712 ప్రాంతమున అచ్చుయంత్రము లభించెను. జర్మనీ నుండి వచ్చిన తమిళాక్షరములు మిక్కిలి పెద్దవగుటచే కాగితము విస్తారముగా పట్టెను. అంతమాత్రమున ఆ సంఘమువారు నిరాశ చెందక, చిన్న అక్షరములను తామే పోతపోయించుకొనిరి. పిమ్మట చెన్నపట్టణమున తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జు, జర్మనీలోని హాలె నగరమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను ముద్రింపించెను. తెలుగు అచ్చుపుస్తకములలో మొట్టమొదటివిగా పేర్కొనబడునవి ఇవియే.

వంగదేశములోని శ్రీరాంపూరున విలియం కేరీయు, ఆయన సహచరులును మఱింత గొప్ప ముద్రాలయమును నడపిరి. 1812 మార్చి నెలలో అది అగ్నికి ఆహుతియయ్యెను. అనేక భాషల అక్షరములును, వ్రాతప్రతులును, కాగితమును నాశమయ్యెను. కాని అక్షరములను పోతపోయుటకు కావలసిన అచ్చులు బూడిదలో చెడక దొఱకినవి. కరగిన లోహముతోనే వారు మరల అక్షరములను పోసికొని, కొన్ని నెలలలో పని సాగించిరి. కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అచ్చటనే వెలువడెను. అంతటితో తృప్తిపడక, కాగితమును తయారుచేయుటకై 1820లో ఆవిరియంత్రమును తెప్పించిరి. తమ పని మంచిదని నమ్మినవారు దానిని కుంటినడక నడువనీయరు.

ఒకరు తెచ్చిన సాధనము వారి ప్రయోజనముతోనే ఆగిపోదు. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపట్టణమున ముద్రాలయమును స్థాపించిరి. వారు సంప్రదాయజ్ఞులగు పండితులు. తాటియాకులపై నున్న కావ్యశాస్త్రములు పురుగులకు ఆహారమగుచున్న కాలమది. యంత్రము విదేశముల నుండి వచ్చినదని వారు దానిని దూరముగా నుంచలేదు. వారును, వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారును ఆ యంత్రముతోనే సంస్కృతాంధ్ర గ్రంథములను పరిష్కరింపించి ప్రకటించి, తెలుగువారి యిండ్లకు చేర్చిరి. అది వర్తకమే, అయినను దానివలన భాషకు కలిగిన మేలు లెక్కకు మించినది.

క్రొత్తదానిని గ్రహించుటలో ఆలస్యము చేసిన యెడల కలుగు నష్టము సామాన్యము కాదు. పూర్వము ఐరోపాలో ఉరుములు ఉఱిమినపుడు చర్చి గంటలను మ్రోగించు ఆచారముండెను. గంటల నాదమువలన మెఱుపులు చెదరిపోవునని జనుల నమ్మకము. కాని పిడుగు ఎత్తైన శిఖరమునే ముందుగా తాకును. తడిసిన త్రాటిని పట్టుకొని శిఖరము క్రింద నిలిచిన గంటవాని గతి ఏమగును? 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిను గాలిపటముతో పరీక్షించి మెఱుపు విద్యుత్తే యని నిరూపించెను. శిఖరమున లోహపు కడ్డీని నిలిపి, దానిని భూమిలోనికి దింపిన యెడల పిడుగు వలని ప్రమాదము తప్పునని తెలిసెను. అయినను పలుచోట్ల ఆ కడ్డీని నిలుపుటకు సందేహించిరి. గంటలు మ్రోగించుట మానలేదు. 1784లో మ్యూనిచ్ నగరమున ప్రకటింపబడిన యొక గ్రంథమున, ముప్పదిమూడు ఏండ్లలో 386 చర్చి శిఖరములపై పిడుగులు పడి, 103 మంది గంటవాండ్రు మరణించినట్లు చెప్పబడినది. వారు భక్తితో తమ పని చేసినవారే. భక్తి వారిని ప్రాణములకు తెగించునట్లు చేసెను. తగిన సాధనము వారిని రక్షించి యుండెడిది.

వర్తకమునందును ఇట్టి యుదాహరణము కలదు. అమెరికాలోని కొడాక్ సంస్థ ఛాయాచిత్రముల ఫిల్ములకు జగత్ప్రసిద్ధి గాంచినది. ఫిల్ము అక్కఱలేని డిజిటల్ కెమెరాను 1975లో ఆ సంస్థ ఇంజనీరే నిర్మించెను. ఫిల్ము అమ్మకమున వచ్చు లాభమును వదలుకొనలేక, ఆ సంస్థ తన యింట పుట్టిన విద్యను సకాలమున పూర్తిగా వినియోగించుకొనలేకపోయెను. ఇతరులు ముందునకు సాగిరి. 2012లో కొడాక్ దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయింపవలసి వచ్చెను. జనులకు కావలసినది చిత్రము. ఫిల్ము దానికి సాధనము మాత్రమే. ఈ భేదమును గుర్తింపకపోవుటయే ఆ నష్టమునకు మూలము.

నేటి కాలమున సాధనములు మఱింత వేగముగా మారుచున్నవి. వాటికను నగరమున 1931లో మార్కోనీ రేడియో కేంద్రమును నిర్మించి యిచ్చినపుడు, పోపు కంఠము సముద్రములు దాటి వినబడెను. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి చర్చిల ద్వారములు మూతపడినపుడు, మార్చి 27వ తేదీన నాటి పోపు ఫ్రాన్సిసు జనశూన్యమైన విశాల ప్రాంగణమున ప్రార్థన చేయగా, ప్రపంచమంతటను జనులు తమ యిండ్లనుండియే దూరదర్శనమునను, అంతర్జాలమునను చూచిరి. మన దేశమున యూపీఐ యను చెల్లింపు పద్ధతి 2016లో ఆరంభమయ్యెను. నేడు కూరగాయల బండివాడును, తేనీటి దుకాణదారుడును చిల్లర కొఱకు తడుముకొనక, ఒక చిన్న క్యూఆర్ గుర్తు సాయమున సొమ్ము పుచ్చుకొనుచున్నారు. కన్నులు లేనివానికి ఫోను అక్షరములను చదివి వినిపించుచున్నది. మంచమునుండి లేవలేని వృద్ధురాలికి ఆరాధన ఆమె గదిలోనే వినబడుచున్నది. ఇట్టి మేలును ప్రాతపద్ధతి పేరు చెప్పి నిరాకరించుట ధర్మమగునా?

అయినను ఒక హెచ్చరిక అవసరము. యంత్రమునకు మంచిచెడ్డలు తెలియవు. బైబిలును అచ్చువేసిన తొలినాళ్లలోనే పాపపరిహార పత్రములును వేలకొలది అచ్చుపడి అమ్ముడుపోయెను. 1517లో మార్టిన్ లూథరు ఆ విక్రయమును ఖండించి వ్రాసిన వాక్యములను నలుదెసలకు మోసినదియు అచ్చే. నేడును ఫోను ద్వారా ధర్మకార్యమునకు చందా యడుగు సజ్జనుడు కలడు. అదే ఫోను ద్వారా అమాయకుల సొమ్ము నపహరించు వంచకుడును కలడు. ఇందుకు మందు ఫోనును పారవేయుట కాదు. జనులకు జాగ్రత్తను నేర్పుటయు, లెక్కలను దాపఱికము లేక చూపుటయు.

మఱియు, సాధనము చేయలేని పనులును కొన్ని కలవు. రోగి చేయి పట్టుకొని ధైర్యము చెప్పుట, కుటుంబమున మరణము సంభవించినపుడు ప్రక్కన కూర్చుండుట, తూకమున మోసము చేయకుండుట, ఇచ్చిన మాట నిలుపుకొనుట – వీనిని మనుష్యుడే చేయవలెను. బోధకుడు యంత్రమునకు అప్పగింపదగిన పనిని దానికి అప్పగించిన యెడల, రోగిని చూడబోవుటకు తీఱిక చిక్కును. వర్తకుడు లెక్కల భారమును కంప్యూటరునకు అప్పగించిన యెడల, కొనవచ్చినవాని కష్టసుఖములు వినుటకు సమయము దొఱకును. క్రొత్త సాధనమును గ్రహించుటలో గల గొప్ప ప్రయోజన మిదియే.

కావున ఏ క్రొత్త సాధనము వచ్చినను సంఘమును వర్తకులును మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనివలన ఇంతవఱకు మనము చేరలేనివారిని చేరగలమా? దీనివలన ఇంతవఱకు మనతో నున్నవారిలో ఎవరైనను వెలిబడుదురా? జనులకు మనయందు గల నమ్మకము దీనివలన పెరుగునా, తఱుగునా? మొదటి ప్రశ్నకు అవునను సమాధానము వచ్చిన యెడల సాధనమును స్వీకరింపవలెను. రెండవదానికిని అవునని వచ్చిన యెడల, వెలిబడువారి కొఱకు ప్రాతదారిని గూడ తెఱచియుంచవలెను. ఫోను లేని ముసలివాడు నాణెములతో వచ్చినపుడు అంగడివాడు అతనిని త్రిప్పి పంపరాదు. మూడవదానికి తఱుగునను సమాధానము వచ్చిన యెడల, ఆ లోపమును సవరించుకొనిన పిమ్మటనే ముందడుగు వేయవలెను.

ఏఱు దాటగోరువాడు తెప్పను ప్రేమించి ఒడ్డుననే కూర్చుండడు. మంచి పడవ వచ్చినపుడు దాని నెక్కును. అయితే తనతో వచ్చిన వృద్ధులను, పసివారిని చేయి పట్టి ఎక్కించుకొనిన పిమ్మటనే పడవను సాగనిచ్చును. సంఘమునకును వర్తకమునకును ఇదియే తగిన మార్గము.