ఔషధ మొక్కలు కొనబోయేవారికి ఒక మనవి

గత శ్రావణ మాసంలో ఒక ఆదివారం నాడు, మా వీధిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయ దంపతులతో కలిసి కడియం వెళ్ళివచ్చాను. మాస్టారు పెరటిలో కొత్తగా నాలుగు మడులు కట్టించుకొన్నారు. వాటి నిండా ఔషధ మొక్కలే పెంచాలని వారి శ్రీమతి సంకల్పం. "మీరు కూడా వస్తే ఏది మంచిదో చూసి చెబుతారు కదా వైద్యులుగారూ" అని ఆమె అడిగినప్పుడు కాదనలేకపోయాను. నిజం చెప్పవలసివస్తే, మొక్కల మధ్య ఒక పూట గడపడమంటే నాకూ సరదాయే.

తెల్లవారుజామున ఏలూరులో రైలెక్కి, రాజమహేంద్రవరంలో దిగి, అక్కడి నుండి ఆటోలో బయలుదేరాము. దారిలో ఆ ఇల్లాలు సంచిలో నుండి ఒక కాగితం తీసి నా చేతికిచ్చారు. కొనవలసిన మొక్కల జాబితా అది. ఫోనులో వచ్చే వీడియోలు చూస్తూ ఆరు నెలలుగా రాసుకొన్నదట. లెక్కపెట్టాను, ఇరవై మూడు ఉన్నవి. వాటిలో సగానికి మొక్క పేరే లేదు. "షుగరు మొక్క", "కీళ్ళనొప్పుల మొక్క", "కిడ్నీలో రాళ్ళు కరిగించే మొక్క", "జుట్టు మొక్క" అని ఉన్నది. నాకు నవ్వు రాలేదు, దిగులు కలిగింది. ఎందుకో తరువాత మనవి చేస్తాను.

కడియం గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి గోదావరి కాలువ నీరు తాగుతున్న ఒండ్రు నేల అది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, ఎటు చూసినా నర్సరీలే. పూలమొక్కలు, మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, నీడవలల కింద వరుసలు తీరిన సంచి మొక్కలు. దేశం నలుమూలలకూ ఇక్కడి నుండి లారీలు వెళతాయి. అంతటి పనితనం గల ఊళ్ళను చూసి గర్వపడని తెలుగువాడుండడు. నా మాట ఆ రైతులను తప్పుపట్టడానికి కాదు. కొనేవాడు జబ్బు పేరు చెప్పి అడిగితే అమ్మేవాడు జబ్బు పేరుతోనే చీటీ కడతాడు. తప్పు మొదలయ్యేది అడిగేవాడి దగ్గరే.

మేము చూసిన చోట్ల "కిడ్నీ రాళ్ళ మొక్క" అన్న చీటీ ఒక నర్సరీలో రణపాలకు, మరొక నర్సరీలో కొండపిండికి కట్టి ఉన్నది. ఈ రెండింటికీ ఆకులో, పువ్వులో, గుణంలో పోలికే లేదు. "ఇన్సులిన్ మొక్క" అయితే లేని చోటు లేదు. అది దక్షిణ అమెరికా నుండి వచ్చిన కాస్టస్ జాతి మొక్క. మన సంహితలలో దాని ప్రసక్తి లేదు, నిఘంటువులలో లేదు. దానికి ఏ గుణమూ లేదని నేను అనను. అయితే రోజుకు రెండాకులు నములుతూ మధుమేహం మాత్రలు మానివేసిన వారిని నేను చూశాను. ఆ పేరే వారిని మోసగించినది. మరే పేరైనా పెట్టి ఉంటే అంత ధైర్యం చేసేవారు కారు.

అశోక చెట్టు సంగతి ఇంకా విచిత్రం. మాస్టారి కుమార్తెకు నెలసరి రక్తస్రావం అధికంగా ఉన్నదట. వీధి గుమ్మం పక్కన అశోక చెట్టు ఉన్నది కనుక దాని బెరడు కషాయం కాచి ఇవ్వవచ్చునా అని ఆ తల్లి అడిగారు. ఆ ఇంటి చెట్టును నేను రోజూ చూస్తూనే ఉన్నాను. స్తంభంలా నిటారుగా పెరిగి, అంచులు అలలు తిరిగిన పొడవాటి ఆకులు కిందికి వేలాడే చెట్టు. నర్సరీలలో, ప్రహరీగోడల వెంట, కళాశాలల ఆవరణలలో అందరూ అశోక అని పిలుచుకొనేది దానినే. అది నరమామిడి, పాలీయాల్థియా లాంగిఫోలియా. వైద్యానికి పనికివచ్చే అసలైన అశోకం సరకా అశోకా. దాని లేత చిగుళ్ళు రాగి రంగులో వేలాడతాయి, నారింజ ఎరుపు కలసిన పూలు కొమ్మలనంటి గుత్తులుగా పూస్తాయి. ఆ చెట్టు నేడు అరుదైపోయినది. నరమామిడి అన్న పేరులోనూ మరొక చిక్కున్నది. మన్యంలో గిరిజనులు అగరుబత్తీల జిగురు కోసం సేకరించే నరమామిడి చెక్క పూర్తిగా వేరే చెట్టుది. ఒకే పేరుకు రెండు చెట్లు, ఒకే చెట్టుకు రెండు పేర్లు! ఇక మన గృహవైద్యం ఏ పేరును నమ్మాలి? అమ్మాయిని ముందుగా స్త్రీవైద్య నిపుణురాలికి చూపించి, రక్తహీనత ఉన్నదేమో పరీక్ష చేయించమని చెప్పాను.

సరస్వతి ఆకు, నీటి బ్రహ్మి విషయంలోనూ ఇటువంటి గందరగోళమే. మూత్రపిండం ఆకారంలో గుండ్రని ఆకు, నేలపై పాకే తీగ అయితే అది సరస్వతి ఆకు. చిన్న చిన్న దళసరి ఆకులు, నాలుక మీద చేదు అయితే అది నీటి బ్రహ్మి. రెండూ మేధ్యమైనవే. ఇక్కడ పొరపాటు జరిగినా ప్రమాదమేమీ లేదు.

ప్రమాదం ఉన్నది తిప్పతీగలో. జాబితా చూడగానే నాకు కలిగిన దిగులుకు కారణం ఇదే.

2021 వేసవిలో, కరోనా రెండవ విడత ఉద్ధృతంగా ఉన్న రోజులలో, నాకు ఇరవై ఏళ్ళుగా పరిచయమున్న ఒక గృహస్థు ఫోను చేసి, "తిప్పతీగ కషాయం రోజూ రెండు పూటలా తీసుకొంటున్నాను, మంచిదే కదండీ?" అని అడిగారు. "మంచిదే, మితంగా తీసుకోండి" అన్నాను. ఆ రోజులలో నాకు ఇటువంటి ఫోనులు పదులకొద్దీ వచ్చేవి. ఏ తీగ, ఎక్కడిది, ఎంత మోతాదు అని నేను అడగలేదు. రెండు నెలల తరువాత ఆయన కళ్ళు పచ్చబడి, అన్నం సయించక, నడవలేని స్థితిలో మా ఇంటికి వచ్చారు. చేతిలో ఆ తీగ ముక్క ఉన్నది. దానిని చూడగానే నా గుండె జారిపోయినది. ఒళ్ళంతా పులిపిరులవంటి బుడిపెలు. కోస్తే పాలవంటి ద్రవం ఊరినది. అది తిప్పతీగ కాదు. దాని దాయాది, టైనోస్పోరా క్రిస్పా. ఎవరో తిప్పతీగ అని అమ్మితే కొని, కుండీలో నాటి, ఏపుగా పెరిగినదని మురిసి కషాయం కాచుకొన్నారట.

కషాయం ఆ పూటే మాన్పించి, వెంటనే ఆసుపత్రికి పంపించాను. కాలేయ పరీక్షల ఫలితాలు ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు అధికంగా వచ్చినవి. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకొనడానికి మూడు నెలలు పట్టినది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాత కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా ఈ రెండు తీగలకూ గల భేదాలను ప్రకటించి, ఒకదానికి బదులు మరొకటి వాడవద్దని ప్రజలను హెచ్చరించినది. అసలైన తిప్పతీగకు బుడిపెలుండవు. కాండం మీద పలుచని పొర గోటితో గీస్తే ఊడివస్తుంది, లోపల పచ్చగా ఉంటుంది. పాలు కారవు. అడ్డంగా కోస్తే బండిచక్రపు ఆకులవలె గీతలు కనిపిస్తాయి. ముదిరిన తీగపై తెల్లని చుక్కలుండవచ్చు, వాటిని చూసి బుడిపెలని భ్రమపడవద్దు.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. అసలైన తిప్పతీగ వాడినవారిలో సైతం కొందరికి కాలేయం దెబ్బతిన్నదని కాలేయ వైద్య నిపుణులు వెల్లడించారు. మన శాస్త్రాన్ని కించపరుస్తున్నారని మనవారు కొందరు ఆగ్రహించారు. నేను ఆగ్రహించలేదు. అమృత అని పేరున్నంత మాత్రాన అందరికీ, అన్ని వేళలా, ఎంతైనా ఇవ్వమని ఏ గ్రంథమూ చెప్పలేదు. దీర్ఘవ్యాధులున్నవారు, కాలేయ సంబంధమైన బాధలున్నవారు, వేరే మందులు వాడుతున్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా దానిని ముట్టరాదు.

మా గురువుగారి ఇంట నేను చదువుకొన్న రోజులలో మొక్క గుర్తు తెలియనివాడికి కల్వం ముట్టుకొనే అర్హత లేదు. కళ్ళు మూయించి, నలిపిన ఆకు ముక్కు దగ్గర పెట్టి పేరు చెప్పమనేవారు. పర్యాయపదాలు వల్లె వేయించేవారు. అప్పుడది వట్టి కంఠస్థం అనిపించేది. ఛిన్నరుహ అంటే నరికినా మళ్ళీ మొలిచేది, చక్రలక్షణ అంటే కోతలో చక్రం కనిపించేది. ఆ పేర్లలోనే తిప్పతీగ ఆనవాళ్ళన్నీ ఉన్నవి. చరకుడు ఓషధుల నామరూపాలు ఎరిగినవారిగా మేకల కాపరులను, గొర్రెల కాపరులను, అడవిలో తిరిగేవారిని పేర్కొన్నాడు. కడియంలో ఆ సంగతి నాకు ప్రత్యక్షంగా కనిపించినది. ఒక నర్సరీలో నేను తిప్పతీగ చూపమన్నప్పుడు కుర్రవాడు ఒక కుండీ తెచ్చి ముందుంచాడు. మొక్కలకు నీళ్ళు పెడుతున్న పెద్దామె ఒకరు దూరం నుండే చూసి, "అది కాదండీ అయ్యగారూ, అది బుడిపెల తీగండీ, తిప్పతీగ ఆ వేపచెట్టు మీదుందండీ" అన్నారు. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. కుర్రవాడు సిగ్గుపడ్డాడు. నేను మాత్రం ఆమెకు నమస్కరించాను.

మళ్ళీ మాస్టారి జాబితాకు వస్తాను. ఇరవై మూడింటిలో ఆరు కొన్నాము. తులసి, వాము ఆకు, అడ్డసరం, సరస్వతి ఆకు, కలబంద, ఒక ఉసిరి అంటు. నేల ఉసిరి కుండీ నలభై రూపాయలన్నారు. దాని పక్కనున్న గులాబీ సంచిలో అదే నేల ఉసిరి కలుపుగా మూడు మొక్కలు మొలిచి ఉన్నది! ఆ ఇల్లాలికి చూపిస్తే పడీపడీ నవ్వారు. గుంటగలగర, ఉత్తరేణి, కుప్పింటాకు, తుమ్మి వంటివి కాలువగట్ల మీద, ఖాళీ స్థలాలలో వాటంతట అవే మొలుస్తాయి. వాటికి డబ్బు పెట్టనవసరం లేదు, గుర్తుపట్టడం నేర్చుకొంటే చాలు. కొన్నవాటిలో అడ్డసరం గర్భవతులకు ఇవ్వరాదు. కలబంద మట్ట కోసినప్పుడు కారే పసుపుపచ్చని రసాన్ని పూర్తిగా ఓడ్చివేసి, కడిగిన తరువాతనే లోపలి గుజ్జు తీసుకోవాలి. ఆ రసం తీవ్రమైన విరేచనకారి. దాని నుండే ముసాంబరం తయారవుతుంది.

సంచి మొక్కను ఇంటికి తెచ్చిన మరునాడే ఆకులు కోసి నమలడం చాలామందికి అలవాటు. ఇది కూడదు. నర్సరీలో మొక్కకు పురుగుమందు చల్లుతారు. అమ్మకానికి పెట్టిన మొక్క నిగనిగలాడాలి కదా. కొత్త మట్టిలో నాటి, తెచ్చిననాటి ఆకులు గిల్లివేసి, మీ పెరటిలో వేసిన చిగుళ్ళు ముదిరేవరకు ఆగండి. నెలన్నర పడుతుంది. అంతవరకు ఆగలేని జబ్బుకు పెరటి మొక్క మందు కాదు, వైద్యుడు కావాలి. అలాగే ఔషధ మొక్కల మడిలో పచ్చగన్నేరు, డిఫెన్‌బాకియా వంటి విషపు మొక్కలు అందం కోసమైనా నాటవద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే చెప్పనే అక్కరలేదు.

నర్సరీల యజమానులకు, హైదరాబాదు వంటి పట్టణాలలో నర్సరీ మేళాలు నిర్వహించే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఔషధ మొక్కకు కట్టే చీటీ మీద జబ్బు పేరు రాయడం మానివేయండి. తెలుగు పేరు, సంస్కృత నామం, లాటిన్ నామం రాయండి. ఆయుర్వేద వైద్యుడవై ఉండి లాటిన్ అడుగుతావేమని ఒక మిత్రుడు పరిహాసం చేశాడు. మా గురువుగారికి లాటిన్ రాదు, అవసరమూ లేకపోయినది. ఆయన చేతికి వచ్చే ప్రతి మూలికా ఆయన చూసి, తుంచి, వాసన చూసినదే. నేడు మొక్క ఒక జిల్లాలో మొలిచి, మరొక జిల్లాలో అమ్ముడై, ఇంకొక జిల్లాలో కషాయమవుతున్నది. మధ్యలో ఎవరూ దానిని ముట్టి చూడడం లేదు. అటువంటప్పుడు రెండు చెట్లను వేరుచేసి చెప్పే పేరు ఏ భాషదైతేనేమి? నలభయ్యో ఏట నేను ఒక వృక్షశాస్త్ర ఉపన్యాసకుని దగ్గర కూర్చొని ఆ పేర్లు నేర్చుకొన్నాను. 2021లో ఫోను వచ్చిన రోజున మాత్రం ఆ పేర్లు నాకు ఉపయోగపడలేదు, నేను అడగలేదు కనుక.

సాయంత్రం రైలులో సీటు కింద మొక్కలు సర్దుకొని కూర్చొన్న తరువాత, "తిప్పతీగ కొననేలేదు కదండీ" అని ఆ ఇల్లాలు గుర్తుచేశారు. మరునాడు ఉదయం మా పెరటి వేపచెట్టు మీది తీగ నుండి జానెడు ముక్క కోసి వారింటికి తీసుకువెళ్ళాను. కోత ఆమెకు చూపించి, పొర ఆమె చేతనే గోటితో గీయించి, మడి చివర మామిడిచెట్టు మొదట్లో నాటించాను. ఇప్పుడది రెండు కొమ్మలెక్కినది. కషాయం ఎప్పుడు కాచుకోవచ్చునని వారానికొకసారి అడుగుతూనే ఉన్నారు. మాస్టారి రక్తపరీక్ష ఫలితాలు రానివ్వండి, చూసి చెబుతానన్నాను.