‘సోల్డ్’ బోర్డు పడింది.. ఇల్లు మాత్రం రాలేదు!

రెడింగ్ పక్కన లోయర్ ఎర్లీలో అద్దెకుంటున్నాం. ఎర్ర ఇటుకల ఇళ్లు, రెండు నిమిషాల్లో అయిపోయే వీధి. అక్కడే ఓ ఇల్లు నచ్చి ఆఫర్ పెట్టాం. ఓనర్ సరేనన్నారు. ‘సోల్డ్ ఎస్‌టీసీ’ బోర్డు కూడా పడింది.

అసలు కథంతా ఆ మూడక్షరాల్లోనే ఉంది. కాంట్రాక్టుకి లోబడి అమ్మారని వాటి అర్థం. ఇంగ్లండ్‌లో ఇరువైపుల లాయర్లూ కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరైనా మాట తప్పొచ్చు, చట్టం అడ్డుపడదు. సర్వే చేయించి, లాయర్‌కి డబ్బు కట్టాక ఇంకెవరో ఎక్కువిస్తామన్నారు. అంతే, ఇల్లు పోయింది! దీన్నే ఇక్కడ గజంపింగ్ అంటారు. సర్వే డబ్బులు తిరిగి రావు. అప్పటికే నెల్లూరులో అమ్మ గృహప్రవేశానికి ముహూర్తం చూసేసింది. ఆవిడకి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

మీరూ కొనేపనైతే, ఆఫర్ ఒప్పుకోగానే ఇంటిని మార్కెట్ నుంచి తీసేయమని ఏజెంట్‌కి మెయిల్ పెట్టండి. ఫ్రీహోల్డా, లీజ్‌హోల్డా, లీజైతే ఇంకా ఎన్నేళ్లుందో సర్వేకి ముందే అడగండి. 2025 ఏప్రిల్ నుంచి తొలిసారి కొనేవాళ్లకి 3 లక్షల పౌండ్ల వరకే స్టాంప్ డ్యూటీ సున్నా. ఇల్లు 5 లక్షలు దాటితే ఆ రాయితీ అస్సలు ఉండదు.

ఇంటికి ఫోన్ మాత్రం కాంట్రాక్టులు మారాకే చేయండి.