చిట్కా అని ఎవరన్నారు?

“పీహెచ్‌డీ చేసింది ముఖానికి మందు కలుపుకోడానికా అమ్మా?” అని నవ్వారు మా శాఖలో ఒక పెద్దాయన. నా చేతిలో ముదురు గోధుమరంగు సీసా. అందులో నేను ఇంట్లో కలుపుకున్న విటమిన్‌ సి లోషన్‌. అక్కడే ఉన్న ఇద్దరు స్త్రీవాద మిత్రులూ ఆయనతో పాటు నవ్వారు. ఆయన నవ్వు నాకు అలవాటే. వీళ్ల నవ్వే గుచ్చుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా ఓటమి చెప్పాలి. మొదటిసారి కలిపిన లోషన్‌ వారం తిరక్కుండా టీ డికాషన్‌ రంగుకి మారింది. బోరు నీళ్లు, తెల్ల గాజుసీసా, కిటికీ పక్కన అలమర. మూడూ తప్పే. ఆస్కార్బిక్‌ ఆమ్లం నీళ్లలో కలిసిన క్షణం నుంచే ఆక్సిజన్‌తో చెడిపోవడం మొదలవుతుంది. వెలుతురు, వేడి, నీళ్లలో ఉండే ఇనుము, రాగి జాడలు ఆ పనిని ఇంకా తొందర చేస్తాయి. పైగా అది చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్‌ 3.5 కన్నా తక్కువుండాలి. మరీ తగ్గితే ముఖం మండుతుంది.

రెండోసారి చిన్న త్రాసు, పీహెచ్‌ కాగితాలు కొన్నాను. 3 గ్రాముల పొడి, కాస్త గ్లిజరిన్‌, అంతా కలిపి 30 మిల్లీలీటర్లు అయ్యేలా డిస్టిల్డ్‌ వాటర్‌. చిటికెడు కన్నా తక్కువ వంటసోడాతో పీహెచ్‌ 3 దగ్గరికి తెచ్చాను. ముందు మోచేతి మడతలో రాసి చూసుకున్నాను. ఫ్రిజ్‌లో పెట్టినా పది రోజులకి మించి దాన్ని నమ్మను. పసుపు తిరిగితే పారబోస్తాను. ఇంట్లో చేసినదానికి నిలకడ అంటే ఇంతే: కొంచెం కలపడం, తొందరగా వాడేయడం.

మరి మన మహిళల పేజీలు ఇన్నేళ్లూ ఏం చెప్పాయి? నిమ్మరసం రాసుకోమన్నాయి. 100 గ్రాముల నిమ్మరసంలో ఉండే విటమిన్‌ సి సుమారు 50 మిల్లీగ్రాములు. నా సీసాలోని గాఢత దానికి రెండువందల రెట్లు. నిమ్మరసంతో ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడతాయి కూడా. ఈ లెక్క మనకెవరూ చెప్పలేదు. ‘కాస్త’, ‘కొద్దిగా’, అంతే. ఇంకోవైపు కంపెనీలు. 15 శాతం విటమిన్‌ సి, 1 శాతం విటమిన్‌ ఇ, అర శాతం ఫెరులిక్‌ ఆమ్లం కలిస్తే ద్రావణం నిలుస్తుందని, ఎండ నుంచి రక్షణ పెరుగుతుందని అమెరికాలోని డ్యూక్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లోనే బాహాటంగా అచ్చువేశారు. అయినా అలాంటి సీసాని ఏదో రహస్యంలా వేల రూపాయలకి అమ్ముతున్నారు. మనకి లెక్క అక్కర్లేదని ఒకరు, అది మనకి అందదని మరొకరు!

విటమిన్‌ సి మీద పరిశోధనకి 1937లో నోబెల్‌ అందుకున్న హంగరీ శాస్త్రవేత్త సెంట్‌ గ్యోర్గి తనే చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. ఒక రాత్రి భోజనంలో పెట్టిన ఎర్ర మిరపకాయ తినబుద్ధికాక లాబొరేటరీకి పట్టుకెళ్లాడట. పరీక్షిస్తే అందులో విటమిన్‌ సి నిధి బయటపడింది. వంటింటి నుంచి లాబొరేటరీకి వెళ్తే ఆవిష్కరణ. లాబొరేటరీ నుంచి వంటింటికి వస్తే చిట్కా!

మిత్రుల నవ్వులో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. ఈ మెరుపు ఎవరి కోసం? 1975లో వచ్చిన ఫెయిర్‌ అండ్‌ లవ్లీ 2020లో గ్లో అండ్‌ లవ్లీ అయింది. తెలుపు అనే మాట పోయి మెరుపు వచ్చింది. విటమిన్‌ సి మెలనిన్‌ తయారీని కొంత అడ్డుకుంటుంది కాబట్టి బజారు దాన్నీ ఆ వరసలోనే నిలబెట్టింది. మా అమ్మమ్మ నాకు నలుగు పెడుతూ “ఈ రంగుకి కట్నం ఎంతడుగుతారో” అనేది. మొదటి సీసా కలిపినప్పుడు నాలో తెల్లబడాలన్న ఆశ లేదంటే అబద్ధం. ఆ ఆశని పోగొట్టింది ఉపన్యాసాలు కాదు, చదువుకున్న రసాయనశాస్త్రం. అది మచ్చల్ని కొంత తగ్గిస్తుంది, ఎండ దెబ్బ నుంచి కొంత కాస్తుంది. పుట్టుకతో వచ్చిన రంగుని మార్చదు. ఏ సీసా మీదా ఈ మాట రాయరు.

మన శరీరం మనదని ఎన్నో వ్యాసాలు రాశాం. దాని మీద పూసేదాని లెక్క మాత్రం ఇతరులకి వదిలేశాం. మిత్రులారా, ఈసారి నవ్వేముందు పీహెచ్‌ ఎంతని అడగండి. చెప్తాను.