పునాది తియ్యక ముందే కాగితం అడుగుదాం

2024లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్‌ల పేదల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాసి పోయిండ్రు. ఇది నది జాగా, ఖాళీ చెయ్యాలె అని దానర్థం. కరెంటు బిల్లు, ఇంటిపన్ను కట్టించుకున్ననాడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?

75 గజాల లోపు జాగాల ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలని 2020 చట్టం అంటున్నది. కానీ జాగా నది హద్దుల పడితే ఆ రూపాయి రసీదు ఇంటిని కాపాడదు. పన్ను రసీదు పట్టా కాదు.

అందుకే పాతబస్తీల గుంట తవ్వక ముందే బల్దియాను రాతపూర్వకంగా అడగండి: ఈ జాగా నది హద్దులనా, చెరువు శిఖంలనా, రోడ్డు వెడల్పులనా? నక్షా నకలు ఇయ్యండి. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖ కింద ఉన్నోళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబియ్యాలె.

అయినా అడిగే బరువు పేదోళ్లదేనా? కూల్చనీకి మన గోడల మీద రాయవచ్చినోళ్లు, కట్టక ముందే బస్తీ గోడ మీద హద్దుల నక్షా తెలుగుల, ఉర్దూల పెట్టలేరా?