మన్యమున గ్రామసభ మాట

గిరిజనులకు ప్రభుత్వము మేలు చేయవలెననుటకు ఒప్పుకొననివారు అరుదు. ఆ మేలు ఏ రూపమున నుండవలెనన్న చోటనే అభిప్రాయభేదము కలుగుచున్నది. బియ్యము, వసతిగృహములు, ఉపకారవేతనములు ఇచ్చిన చాలునని కొందఱందురు. అవి యన్నియు ఆవశ్యకములే. కాని తన నేలను గూర్చి తన మాట చెల్లనివానికి ఎంత యిచ్చినను అది దానమగును గాని న్యాయము కానేరదని మా నమ్మకము.

శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వఱకు గల కొండసీమలలో సవరలు, జాతాపులు, కొండరెడ్లు, కోయలు, గోండులు, కొలాములు మొదలగువారు పోడు సేద్యము చేయుచు, చింతపండు, ఇప్పపువ్వు, తేనె, అడ్డాకులు సేకరించుచు తరతరములుగా జీవించుచున్నారు. మైదానమునుండి వచ్చిన సాహుకార్లు ఉప్పును బట్టయు అప్పుగా నిచ్చి, వడ్డీమీద వడ్డీ కట్టి, అక్షరము రానివారి వేలిముద్రలు గొని వారి భూములను హరించిరి. అడవి శాసనములు పోడును అడ్డగించెను. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము లేచుటకును, 1940లో జోడేఘాటున కొమురం భీము పోరాడి ప్రాణము విడుచుటకును ఇట్టి బాధలే మూలము.

ప్రభుత్వములు ఈ విషయమున ఏమియు చేయలేదనుట సత్యము కాదు. 1917లోనే చెన్నపట్టణపు ప్రభుత్వము ఏజెన్సీ భూములు పరులపాలు గాకుండ ఒక శాసనము చేసెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఐదవ షెడ్యూలు మూలమున ఈ సీమలకు ప్రత్యేక రక్షణ నొసగెను. 1959 నాటి నిబంధనకు 1970లో సవరణ జరిగెను. దీనినే జనులు 1/70 చట్టమందురు. దీని ప్రకారము షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునికి చేసిన భూమి బదిలీ చెల్లదు. అచట గిరిజనేతరుని స్వాధీనముననున్న భూమి సైతము, వేఱువిధముగా ఋజువగువఱకు, గిరిజనునినుండి వచ్చినదిగానే యెంచవలెను. ప్రభుత్వము కూడ అచటి భూమిని గనులకై గిరిజనేతరులకు కౌలుకీయరాదని 1997లో సమత కేసునందు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1996లో పీసా చట్టము గ్రామసభకు అధికారములిచ్చెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 4 హెక్టార్లకు మించకుండ సాగుభూమిపై హక్కును, అడవిపై సాముదాయిక హక్కును గుర్తించెను. ఆ హక్కుల విచారణ గ్రామసభతోనే ఆరంభము కావలెను.

ఇన్ని చట్టములుండ లోపమెచట? భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనని పీసా చట్టము చెప్పుచున్నది. సంప్రదించుట వేఱు, సమ్మతి గొనుట వేఱు. పోలవరము జలాశయమున మునుగు పల్లెలలో కోయలును కొండరెడ్లును హెచ్చుగా నున్నారు. డెల్టాకు నీరు కావలసినదే. ఆ నీటి పంటను మనమును భుజింతుము. కావుననే, మన అన్నమునకై ఊరు విడుచువారి మాట ముందుగా విని, వారి పునరావాసము ముందుగా ముగించుట మనకు ఋణమైయున్నది. ఒడిస్సాలోని నియమగిరియందు 2013లో సుప్రీముకోర్టు ఆజ్ఞ ననుసరించి 12 గ్రామసభలు కూడెను. పండ్రెండును బాక్సైటు గని వలదనెను. మఱుసటి సంవత్సరము కేంద్ర ప్రభుత్వము గనికి అనుమతి నిరాకరించెను. సభను నిజముగా అడిగినచో అది నిజముగా తీర్పు చెప్పగలదనుటకు ఇదియే నిదర్శనము.

భూమి నమ్ముకొను స్వేచ్ఛ లేకున్న గిరిజనుడు వెనుకబడునని ఒక ఆక్షేపణ కలదు. అప్పు కావలెనన్న సహకార సంఘములు ఈయవచ్చును. 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించినది సాహుకారు పట్టునుండి వారిని తప్పించుటకే గదా! పోయిన భూమి మాత్రము మరల రాదు. నాబోతు ద్రాక్షతోట కథ మన బాలురెల్లరు ఎఱుగుదురు. అహాబు మంచి వెలయే యిచ్చెదననెను. అంతకంటె మంచి తోట నిచ్చెదననెను. నాబోతునకు అది పిత్రార్జిత స్వాస్థ్యము, బేరపు సరకు కాదు. తుదకు రాజముద్ర వేసిన తాకీదులును అబద్ధ సాక్షులును వచ్చి అతని ప్రాణమును తోటను గూడ హరించెను. కాగితము చదువలేనివాని కొండపల్లెలో నేటికిని ఆ యపాయము తొలగలేదు.

ఇందు పాఠశాలకు పని కలదు. దుమ్ముగూడెమున పనిచేసిన మిషనరీ కెయిన్ దొర కోయభాష నేర్చి కోయలతో మాటలాడెను. ఉత్తరువులు తెలుగుననో ఇంగ్లీషుననో ఉండి, ఇంటి భాష గోండియో సవరయో ఐనపుడు, సభలో తల యూపుట సమ్మతి యెట్లగును? ఉపాధ్యాయులు ఆ భాషలు నేర్వవలెను. కొండలనుండి వచ్చిన మా విద్యార్థులు సెలవులకు పోయినపుడు పట్టాను, నోటీసును, సభ తీర్మానమును తల్లికిని తండ్రికిని వారి భాషలో చదివి చెప్పవలెను. తల్లికి ప్రత్యేకముగా చెప్పవలెను. ఏలయన, అటవీ హక్కుల సభకు వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలు ఉండవలెనని 2012 నాటి నియమములు విధించుచున్నవి. మైదానపు విద్యార్థులు తోడివారిని అనాగరికులని పిలుచుట మానవలెను. వారిలో కొందఱు రేపు తహసీలుదారులగుదురు, కొందఱు వకీళ్లగుదురు. గ్రామసభ పుస్తకములో వేలిముద్ర వేయించుకొనుటకు ముందు, అందేమి వ్రాసినదో బిగ్గరగా చదివి వినిపించు అధికారులై వారుండిన, ఈ పాఠశాల తన పని చేసినదని మేము సంతసింతుము.