మామ్మ మతిమరుపును చాదస్తం అనకండి



“మామ్మకు చాదస్తం, వయసు మీద పడింది కదా” అని మన ముదినేపల్లి ఇళ్లలో తేలికగా అనేస్తాము. ఆ ఒక్క మాటతో వైద్యం ఆగిపోతుందన్నదే నా బాధ.

మన కణాలలో పి53 అనే ప్రోటీన్ ఉంటుంది. 1979లో దీనిని గుర్తించారు. కణంలోని డి.ఎన్.ఎ. దెబ్బతింటే ఇది కణ విభజనను ఆపుతుంది. మరమ్మతు వీలుకాకపోతే ఆ కణం చనిపోయేలా చేస్తుంది. ఆ విధంగా మనలను క్యాన్సర్ నుండి కాపాడుతుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది.

నారుమడిలో తెగులు మొక్కను పీకేస్తే నష్టం లేదు, పక్క మొక్కలు ఆ చోటు నింపుతాయి. పెరట్లో కాపు కాసే కొబ్బరిచెట్టును నరికితే ఆ లోటు తీరదు. మెదడులోని నాడీకణాలు కొబ్బరిచెట్ల వంటివి. అవి విభజన చెందవు. పోయినవాటి స్థానంలో కొత్తవి రావడం చాలా అరుదు. అల్జీమర్స్, హంటింగ్టన్ వ్యాధులున్నవారి మెదడులో పి53 ఎక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గమనించారు. క్యాన్సర్‌ను ఆపే కాపలాదారే అక్కడ నాడీకణాల మరణానికి తోడ్పడవచ్చు.

అయితే పి53ను అణచే మందు వాడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. దానిని అణచివేస్తే క్యాన్సర్‌కు తలుపు తీసినట్లవుతుంది. కనుక “మెదడు కణాలు పెంచుతాము” అంటూ అమ్మే పొడులకు డబ్బు పోయకండి. కణం దెబ్బతినకముందే కాపాడుకోవడం మేలని నా అభిప్రాయం. రక్తపోటు, షుగరు అదుపులో ఉంచండి. పొగాకు మానండి. చెవుడు ఉంటే పరీక్ష చేయించండి. ఇటువంటి 14 కారణాలను సరిదిద్దితే మతిమరుపు వ్యాధులలో దాదాపు 45 శాతాన్ని నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో ల్యాన్సెట్ నిపుణుల సంఘం తెలిపింది.

మెదడుకు పని కూడా ఉండాలి. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు భాషలు మాట్లాడేవారిలో, చదువురానివారిలో సహా, ఈ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది.

మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మనోవ్యాకులత వలన కూడా రావచ్చు. వీటికి చికిత్స ఉంది. మామ్మ పొయ్యి మీద పాలు మరచిపోతే కోప్పడకండి. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకురండి.