చేప జిగురూ, సూక్ష్మజీవి తోకా

బ్రతికున్న చేపను చేతబట్టినవారికి దాని ఒంటి జిగురు సంగతి చెప్పనక్కరలేదు. చేపకు అదే కవచం. నీటిలోని సూక్ష్మజీవులను చాలావరకు దరిజేరనివ్వదు. కాని ఒక శత్రువుకు మాత్రం ఆ జిగురే దారి చూపుతున్నది!

దాని పేరు విబ్రియో ఆంగ్విల్లారం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్గ్‌మన్ 1909లో, జబ్బుపడిన ఈల్ చేపలను పరీక్షించి ఈ పేరు పెట్టాడు. సాగుచేసే సాల్మన్, రెయిన్‌బో ట్రౌట్ చేపలకు ఇది సోకితే ఒంటిమీద ఎర్రని మచ్చలు లేచి, రక్తం విషమై, గుంపులు గుంపులుగా చస్తాయి. (నీలగిరుల్లో తిరిగినవారు ట్రౌట్ పేరు వినే వుంటారు.)

ఈ జీవికి వెనుక సన్నని తోక వున్నది. పాఠ్యపుస్తకాల్లో కశాభమంటారు, కశ అంటే కొరడా. పేరుకు కొరడాయే గాని, ఝళిపించేది కాదు. మొదట్లో వున్న సూక్ష్మమైన మోటారు దానిని గిరగిర తిప్పుతుంది, మరపడవ చక్రంలాగా.

స్వీడన్‌లోని ఉమియా విశ్వవిద్యాలయం వారు 1996లో ప్రకటించిన పరిశోధన ముచ్చటైనది. వారు ఈ జీవిలో ఒక వింత రకాన్ని తయారుచేశారు. దానికి తోక వున్నది, ఈదుతుంది. కాని ఎటు పోవాలో తెలియదు. సూదితో ట్రౌట్ పొట్టలోకి ఎక్కిస్తే అది మామూలు రకంలాగే చేపను చంపింది. నీటిలో వదలి చేపను అందులో వుంచితే మాత్రం దాని జోరు బాగా తగ్గిపోయింది. ఈదలేని రకానికీ నీటిలో అదే గతి. అంటే తోకా, దిక్కు తెలియడమూ గుమ్మం దాటేవరకే ముఖ్యమన్నమాట. చేప చర్మంమీది జిగురూ, పేగులోని జిగురూ ఈ జీవిని ఆకర్షిస్తాయని అదే బృందం 1999లో చూపింది.

అయితే తోక తీసేస్తే పీడ వదిలినట్టేనా? ట్రౌట్‌కే వచ్చే మరో జబ్బు వున్నది, ఎర్రనోటి తెగులు. దాని కారకం యెర్సినియా రకేరి. దీనికి 1976లోనే అమెరికాలో టీకా వచ్చింది; మందు కలిపిన నీటిలో పిల్లలను ముంచి తీస్తారు. ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది. తరువాత బ్రిటన్‌లోనూ, ఐరోపాలోనూ, అమెరికాలోనూ టీకా పడిన చేపలే చావసాగాయి. పరీక్షిస్తే, ఆ జీవులు కదలనే లేదు, తోక పోగొట్టుకొన్నవి! ఒకచోట పుట్టి అంతటా ప్రాకినవి కావు. వేర్వేరు చోట్ల, వేర్వేరు జన్యువులు చెడి, విడివిడిగా తోక వదులుకొన్నాయని 2011లో తేలింది.

తోకలోని మాంసకృత్తిని చేప శరీరం పసిగట్టగలదు. దొంగ చెప్పులు విడిచి వచ్చినట్టు, అందుకే దానిని విడిచాయి కాబోలు.